ఒంటరి ప్రయాణంలో మనుషులు ఎలా పరిచయమవుతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్క టికెట్ తీసుకుని బయలుదేరదామనుకునేవాళ్ళు రెండే సంగతులు తిప్పి తిప్పి అడుగుతుంటారు: అక్కడ మాట్లాడటానికి ఎవరైనా దొరుకుతారా, దొరికినవాళ్ళని నమ్మొచ్చా. ఆంధ్ర, తెలంగాణల నుంచి దేశంలో మిగతాచోట్లకి వెళ్ళేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దేశంలో మాట కలపడం పెద్ద పని కాదు, మీరు ఊరుకున్నా ఎదుటివాళ్ళే కలుపుతారు. ఎవరితో కలవాలో ఎంచుకోవడం, చాలనిపించినప్పుడు నొప్పించకుండా లేచి రావడం, నేర్చుకోవాల్సింది ఈ రెండే.

## బయలుదేరే ముందు

నేను ఎవరితోనూ కలిసే రకం కాదు. ఒక్కణ్ణే వెళ్తే మూగనోము పట్టాల్సిందేనా?

అక్కర్లేదు. కలుపుగోలుతనం కంటే మీరు ఎక్కడ దిగారు, ఎలా తిరుగుతున్నారు అన్నదే ఎక్కువ పనిచేస్తుంది. ఎంత వాగుడుకాయైనా హోటల్లో ఏసీ గది తీసుకుని, కారు మాట్లాడుకుని తిరిగితే డ్రైవర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకుండానే వెనక్కొస్తాడు. నోరు తెరవని మనిషి కూడా డార్మిటరీలో మంచం తీసుకుని, షేర్ ఆటోల్లో తిరిగి, నలుగురితో కలిసి పడవెక్కితే సాయంత్రానికి ఎవరో ఒకరితో టీ తాగుతూ ఉంటాడు. కాబట్టి స్వభావం మార్చుకోవాలన్న టెన్షన్ పెట్టుకోకండి, బుకింగ్ మార్చుకోండి చాలు. (అసలు మౌనమే కావాలంటే ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, హైదరాబాద్‌లోనే నాగార్జునసాగర్ రోడ్డులో 10 రోజుల విపశ్యన ధ్యాన శిబిరాలు జరుగుతాయి.)

మొదటిసారి వెళ్తున్నాను. సులువుగా పరిచయాలు అయ్యే ఊళ్ళు ఏవి?

కాళ్ళతో తిరగగలిగినంత చిన్న ఊరై ఉండాలి, వచ్చినవాళ్ళు ఒక్క పూటలో వెళ్ళిపోకుండా మూడు నాలుగు రోజులు ఉండాలి. అలాంటి చోట నిన్న టిఫిన్ దగ్గర కనిపించిన మొహమే ఈరోజు గుడి దగ్గరా కనిపిస్తుంది, మూడోసారికి ఎవరో ఒకరు నవ్వుతారు.

ఆ లెక్కన హంపి మంచి మొదలు. హోసపేటలో రైలు దిగితే దగ్గరే. సాయంత్రం సూర్యాస్తమయానికి అందరూ హేమకూటం ఎక్కుతారు, తెల్లవారుజామున మాతంగ పర్వతం ఎక్కుతారు. రెండు చోట్లా బండల మీద కూర్చుని ఎదురుచూడటం తప్ప వేరే పనేమీ ఉండదు కాబట్టి మాటలు వాటంతటవే వస్తాయి. గోకర్ణలో కుడ్లే బీచ్ నుంచి ఓం బీచ్, హాఫ్‌మూన్, పారడైజ్ బీచ్ దాకా కాలిబాట ఉంది. దారి అడుగుతూ ఒకరి వెనక ఒకరు నడుస్తారు. రిషికేశ్, కాశీ, తిరువణ్ణామలై (మనవాళ్ళు అరుణాచలం అనేది) కూడా ఈ జాబితాలోవే.

అరకు మాత్రం ఇందుకు పనికిరాదు. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ రైలుపెట్టెలో కూర్చుని సొరంగాలు చూసుకుంటూ వెళ్ళడం బాగానే ఉంటుంది. కానీ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కుటుంబాలతో వచ్చి, బొర్రా గుహలు చూసి, ఆ రోజో మర్నాడో వెళ్ళిపోయేవాళ్ళే. ఒంటరిగా వెళ్తే అడవిని చూసి రావాలి, మనుషుల్ని ఆశించకూడదు.

గ్రూప్ ట్రెక్‌లో చేరితే అది ఒంటరి ప్రయాణం అవుతుందా?

సగం అవుతుంది, మొదటిసారికి ఆ సగం చాలు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా లాంటి సంస్థలు హిమాలయాల్లో ట్రెక్కింగ్ క్యాంపులు పెడతాయి. ఒక్కరే పేరు ఇచ్చుకోవచ్చు. అక్కడ గుడారం పంచుకోవాలి, ఒకే వరుసలో నిలబడి అన్నం పెట్టించుకోవాలి. కొండ ఎక్కేటప్పుడు ఆయాసంతో ఆగిన ప్రతిచోటా పక్కన ఇంకొకరు ఆగుతారు.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. 'ఎవరూ తెలియని చోటికి ఒక్కదానివే ఏంటి' అంటున్నారు.

మొదటి ఊరు వాళ్ళకి పేరు తెలిసిందైతే సగం గొడవ తగ్గుతుంది. గోవా అంటే గుండె పట్టుకునే అమ్మే అరుణాచలం అంటే చీటీ మీద గోత్రం రాసిస్తుంది. రైలు నంబరు, బస చేసే చోటు పేరు, అక్కడి ఫోను ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. అన్నకో చెల్లికో ఒక్కరికి లైవ్ లొకేషన్ ఇవ్వండి. రోజుకి ఒకసారి, ఫలానా టైముకి ఫోన్ చేస్తానని చెప్పి ఆ టైముకి చేయండి. 'ఖాళీ అయినప్పుడు చేస్తా' అంటే గంటకోసారి వాళ్ళే చేస్తారు.

## రైల్లో, బస్సులో

రైల్లో పక్కవాళ్ళతో మాట ఎలా మొదలుపెట్టాలి?

'ఎందాకా అండీ?' ఇంతకంటే మంచి మొదలు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మీరు అడగకపోయినా రైలు ఊరి పొలిమేర దాటేలోపు మిమ్మల్నే అడుగుతారు.

మాటల కోసమైతే స్లీపర్, థర్డ్ ఏసీ మంచివి. సెకండ్ ఏసీలో కర్టెన్ లాగేస్తే ఎవరి లోకం వాళ్ళది. స్లీపర్‌లో ఒక్కో అరలో ఎనిమిది బెర్తులు. నిబంధన ప్రకారం మిడిల్ బెర్త్ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకానే వేసుకోవాలి, అంటే పదింటి దాకా ఎక్కువమంది కింది సీట్ల మీద ఎదురెదురుగా కూర్చునే ఉంటారు. కబుర్లన్నీ ఆ టైములోనే. ఆర్‌ఏసీ వచ్చిందని బాధపడకండి. సైడ్ లోయర్ మీద ఇద్దరు కొత్త మనుషులు ఎదురెదురుగా కాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు, మధ్యలో చిన్న కిటికీ. ముందు 'ఇది కన్ఫర్మ్ అవుతుందంటారా?' అని ఒకరు, 'టీసీ వస్తే అడుగుదాం' అని ఇంకొకరు. కాసేపటికి ఆయన చెప్పులు విప్పి కాళ్ళు చాపుకోడానికి మీరు కొంచెం జరుగుతారు, మీ బ్యాగు ఆయన తలకింద పెట్టుకుంటారు. ఏడెనిమిది గంటల ప్రయాణంలో ఇంతకంటే దగ్గరగా ఇంకెవరూ కూర్చోరు.

తోటి ప్రయాణికులు తిండి పెడితే తినొచ్చా?

అపరిచితులు ఇచ్చినవి తినొద్దని రైల్వే వాళ్ళు చెబుతూనే ఉంటారు, అది ఉత్త మాట కాదు. మత్తుమందు కలిపి దోచుకున్న కేసులు నిజంగానే ఉన్నాయి. నేను పాటించేది ఇది: ఒక కుటుంబం నా కళ్ళ ముందే డబ్బా తెరిచి, పిల్లలకి పెట్టి, వాళ్ళూ తింటూ అదే డబ్బాలోంచి రెండు ముద్దలు పులిహోర ఇస్తే తీసుకుంటాను. ఒంటరి మనిషి నాకోసమే తెచ్చిన టీ, కూల్‌డ్రింక్, బిస్కెట్ ఎంత బతిమాలినా ముట్టుకోను.

కాదనడానికి మనకి సాకులకేం కొదవ లేదు. 'శనివారం ఒక్కపొద్దు అండీ' అంటే ఎవరూ ఏమీ అనుకోరు, ఏ వారమైతే ఆ వారం చెప్పుకోవచ్చు. మీ దగ్గర తినేది ఉంటే మీరూ ముందు పక్కవాళ్ళకి చూపించండి, వాళ్ళు వద్దంటే నొచ్చుకోకండి.

'పెళ్లయిందా? జీతమెంత? మీరేమిట్లు?' అని మొహం మీదే అడుగుతారు. ఏం చెప్పాలి?

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఎక్కువ భయపడేది దొంగలకి కాదు, ఈ ప్రశ్నలకే. వరస దాదాపు ఎప్పుడూ ఒకటే: సొంతూరు, ఇంటిపేరు, ఉద్యోగం, పెళ్ళి, ఒక్కరే ఎందుకొచ్చారు. అడిగే పెద్దావిడకి చాలాసార్లు దురుద్దేశం ఉండదు, ఆవిడ లెక్కలో పలకరింపంటే అదే. అలాగని అన్నిటికీ నిజమే చెప్పాలన్న రూలూ లేదు.

ఉద్యోగం అడిగితే 'ప్రైవేటులో అండీ'. జీతం అడిగితే 'ఏదో గడిచిపోతోందండీ'. ఇంటిపేరు అడిగి కులం దాకా వచ్చేలా ఉంటే ఊరి మీదకి మళ్ళించండి: 'మాది ఫలానా ఊరి దగ్గరండీ, మీరెప్పుడైనా వచ్చారా?' అంటే ఆ చుట్టుపక్కల తనకి తెలిసిన చుట్టం పేరేదో చెప్పడం మొదలుపెడతారు. పెళ్ళి కాలేదంటే సంబంధాలు చెబుతారు, అయిందంటే మొగుడేడని అడుగుతారు, ఏది తేలికో మీరే చూసుకోండి. ఒక్కరే ఎందుకంటే 'అక్కడ ఫ్రెండ్స్ కలుస్తారు' అనడం సురక్షితం కూడా.

అన్నిటికంటే బాగా పనిచేసేది ఎదురు ప్రశ్న. 'మీ పిల్లలేం చేస్తున్నారు పిన్నిగారూ?' అని ఖమ్మంలో అడిగితే విజయవాడ వచ్చేదాకా జవాబు చెబుతారు, మీరు ఊఁ కొడితే చాలు.

మాట్లాడి మాట్లాడి అలసిపోయాను. ఎలా ఆపాలి?

'కాస్త నడుం వాలుస్తానండీ' అని చెప్పి పై బెర్త్ ఎక్కేయండి. బుకింగ్ చేసేటప్పుడే అప్పర్ బెర్త్ అడగడం అందుకే. బస్సులోనైతే ఇయర్‌ఫోన్లు, కళ్ళు మూసుకోవడం.

## దిగిన చోట

బ్యాక్‌ప్యాకర్ హాస్టల్ అంటే కాలేజీ హాస్టల్ లాంటిదేనా?

మంచాల వరకు అలాగే ఉంటుంది. ఒక గదిలో నాలుగు, ఆరు, ఎనిమిది బంకు మంచాలు. మీరు గదికి కాదు, మంచానికి డబ్బు కడతారు. లాకర్ ఉంటుంది, తాళం సొంతంగా తీసుకెళ్ళడం మేలు. ఆడవాళ్ళకి వేరే డార్మ్ చాలాచోట్ల ఉంటుంది. 2013లో మొదలైన జోస్టెల్ అనే హాస్టళ్ళ సంస్థ తర్వాత మన దేశంలో ఈ పద్ధతి బాగా పెరిగింది, ఇప్పుడు చిన్న చిన్న ఊళ్ళలో కూడా కనిపిస్తున్నాయి.

కాలేజీ హాస్టల్‌కి లేనిది కామన్ రూమ్. పరుపులు, క్యారమ్ బోర్డు, ఎవరో వదిలేసిపోయిన పుస్తకాలు, గోడ మీద రేపటి నడక ఎన్నింటికో రాసిన బోర్డు. బుక్ చేసేటప్పుడు నేను ముందు చూసేది గది ఫొటో కాదు, ఈ కామన్ రూమ్ ఫొటో. అది లేని హాస్టల్ ఉత్త చవక లాడ్జి. ఒక్క జాగ్రత్త: కొన్ని హాస్టళ్ళు అదే ఊరి ఆధార్ ఉన్నవాళ్ళకి మంచం ఇవ్వవు, కొన్నిటికి వయసు పరిమితి ఉంటుంది. డబ్బు కట్టేముందే ఆ షరతులు చదవండి.

కామన్ రూమ్‌లో అందరూ ఇంగ్లీషు, హిందీ మాట్లాడుతున్నారు. నాకు అంత రాదు.

మాటలు తక్కువ, చేతులకి పని ఎక్కువ ఉన్న చోట కూర్చోండి. ఊనో, పేకాట, క్యారమ్స్, ఎవరైనా వంట చేస్తుంటే ఉల్లిపాయలు తరగడం. 'నెక్స్ట్ గేమ్ మై భీ' అంటే సరిపోతుంది. హైదరాబాదీ హిందీ విని నవ్వితే నవ్వనివ్వండి, ఆ నవ్వుతోనే సగం పరిచయం అయిపోతుంది.

తెలుగువాళ్ళు తగలకుండా ఉండరు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎవరో ఒకరు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ 'ఆఁ తిన్నానమ్మా... లేదు, చలి లేదు... స్వెట్టర్ వేసుకున్నా' అని ఫోన్‌లో చెబుతూ దొరికిపోతారు. పలకరించండి, సంతోషపడతారు. కానీ ట్రిప్పంతా వాళ్ళనే అంటిపెట్టుకుంటే మిగతా మంచాలవాళ్ళ పేర్లు కూడా తెలియకుండా తిరిగొస్తారు.

నాకు అరవై దాటాయి. కుర్రాళ్ళ హాస్టళ్ళు పడవు. నాలాంటివాళ్ళకి?

ఆశ్రమాలు, సత్రాలు. తిరువణ్ణామలైలో రమణాశ్రమంలో బసకి ముందుగా రాసి అడగాలి. దొరికితే భోజనాల హాల్లో నేల మీద వరసల్లో కూర్చుని విస్తట్లో తినొచ్చు. తినేటప్పుడు కబుర్లు ఉండవు, బయట చెట్టుకింద చేతులు తుడుచుకుంటున్నప్పుడు మొదలవుతాయి. కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలో అందరూ తెలుగులోనే మాట్లాడతారు. ఏ గుడికి ఎన్నింటికి వెళ్ళాలో, ఏ పడవవాడు మర్యాదస్తుడో మీకంటే నాలుగు రోజుల ముందు వచ్చినవాళ్ళు చెప్పేస్తారు. పండగలప్పుడు గదులు దొరకడం కష్టం.

హోటల్లోనే దిగుతాను. అయినా మనుషులు కలుస్తారా?

కలుస్తారు, రోజుకో కొత్త చోట తినడం మానేస్తే. అదే టీ బడ్డీకి అదే టైముకి వరసగా వెళ్ళండి. రెండో రోజు ఆయన చక్కెర ఎంతో గుర్తుపెట్టుకుంటాడు, మూడో రోజు పక్క బెంచీవాళ్ళకి మిమ్మల్ని పరిచయం చేస్తాడు.

## ఊళ్ళో తిరిగేటప్పుడు

టాక్సీ, పడవ ఒక్కరికే అయితే ఖర్చు ఎక్కువ. పంచుకోవడానికి మనుషులు ఎక్కడ దొరుకుతారు?

ఖర్చు పంచుకోవడమే అన్నిటికంటే సహజమైన పరిచయం, ఎందుకంటే అవసరం ఇద్దరిదీ. లేహ్‌లో టాక్సీ రేట్లు యూనియన్ నిర్ణయించినవే, బండిలో ఒక్కరున్నా ఆరుగురున్నా అంతే. అందుకే ట్రావెల్ ఆఫీసుల బయట 'రేపు నుబ్రా, ఇద్దరు కావాలి' అన్న రకం చీటీలు కనిపిస్తాయి. మీ చీటీ కూడా పెట్టించవచ్చు. రిషికేశ్‌లో రాఫ్టింగ్‌కి ఒక్కరే వెళ్తే ఇంకో గుంపు ఉన్న తెప్పలో కూర్చోబెడతారు. మొదటి సుడి దాటేసరికి అందరూ ఒకే గొంతుతో అరుస్తుంటారు. వానాకాలంలో మాత్రం అది ఆపేస్తారు. కాశీలో పడవవాడు ఒక్కరికి ఒక రేటు, గుంపుకి ఇంకో రేటు చెబుతాడు. ఘాట్ మెట్ల మీద కాసేపు ఆగితే మీలాగే బేరం కుదరక నిలబడ్డవాళ్ళు కనిపిస్తారు.

బండి ఎక్కేముందే ఎక్కడెక్కడ ఆగాలి, ఎన్నింటికి తిరిగి రావాలి, ఎవరి వాటా ఎంత అన్నది తేల్చుకోండి. ముందు సీటు గొడవ కూడా అప్పుడే తేల్చడం మంచిది, కొండదారిలో అదే పెద్ద గొడవ అవుతుంది.

అరుణాచలం గిరిప్రదక్షిణ ఒక్కరే చేయొచ్చా? తోడు దొరుకుతుందా?

పౌర్ణమినాడు తోడు వద్దన్నా ఉంటుంది. దారి 14 కిలోమీటర్లు, ఇంద్రలింగం నుంచి ఈశాన్యలింగం దాకా ఎనిమిది లింగాలు. చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు. ఇప్పుడు ఆ జనంలో తెలుగు ఎంత వినిపిస్తుందంటే, దారిపొడవునా కొట్లవాళ్ళు 'రండమ్మా, టీ, శొంఠి కాఫీ' అని తెలుగులోనే పిలుస్తుంటారు.

పరిచయాలు కూడా లింగం లింగానికీ ముదురుతాయి. అగ్నిలింగం దగ్గర 'ఎక్కడినుంచి?' అని అడిగిన ఆవిడ, వరుణలింగం వచ్చేసరికి కోడలి సంగతి చెబుతూ ఉంటుంది. వాయులింగం దాటాక పాదాలు మండుతుంటే ఇద్దరూ పక్కనున్న అరుగు మీద కూలబడి ఒకే నీళ్ళ సీసా పంచుకుంటారు. నడక వేగం కలిసినవాళ్ళతోనే నడవండి, మొహమాటానికి పరిగెత్తొద్దు. పౌర్ణమి కాని రోజుల్లో ఒక్కరే అయితే తెల్లవారాక బయలుదేరండి. రాత్రిపూట నిర్మానుష్యంగా ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి.

స్థానికులతో మాట కలపాలంటే?

'ఇక్కడ ఏం చూడాలి' అని అడిగితే అందరికీ చెప్పే జాబితానే చెబుతారు. 'మీరు పొద్దున టిఫిన్ ఎక్కడ చేస్తారు?' అని అడగండి, ఆగి ఆలోచించి చెబుతారు. బళ్ళారి, హోసపేట వైపు చాలామందికి తెలుగు వచ్చు, కాబట్టి హంపి చుట్టుపక్కల భాష గురించి దిగులు అక్కర్లేదు. అంజనాద్రి మెట్లెక్కుతూ తెలుగులో 'ఇంకా ఎన్ని మెట్లున్నాయి' అని గొణిగితే పైనుంచి దిగేవాళ్ళెవరో తెలుగులోనే 'అయిపోయాయి, అయిపోయాయి' అంటారు. అది నమ్మకండి.

## నమ్మకం, భద్రత, డబ్బు

మోసగాళ్ళని ఎలా పసిగట్టాలి?

మీరు వెళ్ళి పలకరించిన మనిషి కంటే మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి పలకరించిన మనిషి దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. స్టేషన్ బయట 'మీ హోటల్ మూసేశారు, వేరేది చూపిస్తా' అన్నవాడు, కాశీలో దారి చూపిస్తానని వెంటొచ్చి చివరికి పట్టుచీరల కొట్లో తేల్చేవాడు, మణికర్ణికా ఘాట్ దగ్గర పేదల చితికి కట్టెల కోసమంటూ వేలు అడిగేవాడు, వీళ్ళందరూ ఒకే బాపతు. తొందరపెడతారు, ఫోన్ చేసి కనుక్కోనివ్వరు. 'ఒక్క నిమిషం, హోటల్‌కి ఫోన్ చేస్తా' అని ఆగితే చాలామంది అక్కడికక్కడే జారుకుంటారు.

అమ్మాయిని. ఎవరైనా వదలకుండా వెంటపడితే?

మర్యాద గురించి ఆలోచించొద్దు. పిల్లలతో ఉన్న కుటుంబం పక్కకి వెళ్ళి 'అక్కా, కాసేపు ఇక్కడ కూర్చుంటాను, అతను వెంట వస్తున్నాడు' అని అందరికీ వినపడేలా చెప్పండి. అలా అడిగితే మనవాళ్ళు కాదనరు, పైగా ఆ అక్కే లేచి అడిగేస్తుంది. సాయం కోసం రైల్లోనైతే 139కి, ఎక్కడైనా 112కి ఫోన్ చేయండి. ఒంటరిగా ప్రయాణించే మహిళల కోసం రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) వాళ్ళు 2020 నుంచి 'మేరీ సహేలీ' పేరుతో కొన్ని రైళ్ళలో మహిళా సిబ్బందిని పంపుతున్నారు. వాళ్ళు వచ్చి సీటు నంబరు రాసుకుంటే కంగారు పడకండి.

కొత్తగా పరిచయమైనవాళ్ళకి ఎంత మంచిగా కనిపించినా గది నంబరు చెప్పొద్దు. బస చేసిన చోటు పేరు కూడా 'స్టేషన్ దగ్గరే' అంటే సరిపోతుంది. ఊరి ఫొటోలు ఆ ఊరు వదిలాక పెట్టుకోవచ్చు.

కలిసి తిరిగినవాళ్ళతో డబ్బు లెక్కలు ఎలా?

ఏ రోజుది ఆ రోజే, యూపీఐలో. 'చివర్లో చూసుకుందాం' అన్న మాట దగ్గరే మొహమాటం మొదలవుతుంది. మందు తాగేవాళ్ళ బిల్లు, తాగనివాళ్ళ బిల్లు వేరు చేయమని వెయిటర్‌ని ముందే అడగండి. అప్పు అడిగితే తిరిగి రాకపోయినా ఇబ్బంది లేనంతే ఇవ్వండి. ఫోన్ అన్‌లాక్ చేసి చేతికివ్వడం, ఓటీపీ చెప్పడం మాత్రం ఎంత స్నేహమైనా వద్దు.

ఒకరితో రెండు రోజులు తిరిగాను, ఇక పడటం లేదు. ఎలా విడిపోవాలి?

'రేపు నేను ఒక్కణ్ణే తిరుగుతాను అన్నా, సాయంత్రం కనిపిస్తే కలుద్దాం.' కారణం అడిగినా ఇంతకు మించి చెప్పక్కర్లేదు. ఒంటరిగా వచ్చినవాళ్ళకి ఆ మాట అర్థమవుతుంది.

ఎవరూ కలవలేదు, సాయంత్రమయ్యేసరికి దిగులుగా ఉంది.

ఆరు నుంచి ఎనిమిది మధ్యే అది ఎక్కువ. ఆ రెండు గంటలు గదిలో ఉండకండి. దశాశ్వమేధ ఘాట్ హారతి, ఊరి సంత, గుడి మండపం, ఏదైనా సరే జనం ఊరికే కూర్చునే చోట కూర్చోండి. మాట్లాడకపోయినా పర్వాలేదు. త్వరగా తిని పడుకుంటే పొద్దున్నకి సగం తగ్గుతుంది. మూడు రోజులైనా తగ్గకపోతే టికెట్ ముందుకి జరుపుకుని వచ్చేయండి, అదేం ఓటమి కాదు.

## తిరిగొచ్చాక

నంబర్లు తీసుకున్నాం. ఇక ఏం చేయాలి?

వాళ్ళ ఫొటోలు మీ ఫోన్లో ఉంటే రెండు మూడు రోజుల్లో పంపేయండి, నెల దాటితే ఇంకెప్పటికీ పంపరు. సగం నంబర్లు పండగ శుభాకాంక్షలకే మిగులుతాయి, అందులో బాధపడాల్సిందేమీ లేదు.

'హైదరాబాద్ వస్తే మా ఇంటికి రండి' అని అందరికీ చెప్పేశాను. నిజంగానే వస్తామంటున్నారు!

ఇంట్లో చోటుంటే, ఇంట్లోవాళ్ళకి ఇబ్బంది లేకపోతే రమ్మనండి. ఎన్ని రోజులో ముందే అడగండి. కుదరకపోతే ఆలస్యం చేయకుండా 'ఇంట్లో కుదరదు, దగ్గర్లో మంచి హాస్టల్ చూపిస్తాను, ఆదివారం మాత్రం నాది' అని చెప్పండి. ఆ ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర కలవండి. ఎండ ముదరకముందే లాడ్‌బజార్, మక్కా మసీదు చూసి, ఇరానీ చాయ్ తాగి, మధ్యాహ్నం బిర్యానీకి వాళ్ళకి కారం ఎంత పడుతుందో అడిగి ఆర్డర్ ఇవ్వండి.